ఇల్లు ఖాళీ అని ఫోన్ చెప్పిన సాయంత్రం

ఆ రోజు ఆ హాల్లో నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే. "మిషిన్ అబద్ధం చెప్తదా?" నేను చెప్పిన జవాబు కూడా ఒక్కటే. "చెప్పదు సార్." ఆ జవాబులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ దాని వెనకాల ఇంకో వాక్యం రావాలి. "తనకు తెలియనప్పుడు అది ఊహించి రాస్తుంది. ఇక్కడ ఊహించే రాసింది." ఆ వాక్యం నా నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆపింది నేనే. దానివల్ల ఒక ఆడమనిషి నాలుగేళ్లపాటు చేయని తప్పుకు తలవంచుకుని తిరిగింది.

ఇళ్లకు తెలివి అమర్చే ఈ ఉద్యోగంలోకి ఇప్పుడు చాలామంది పిల్లలు వస్తున్నారు. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. వైర్లు, పాస్‌వర్డులు మీకు ఎవరైనా నేర్పుతారు. ఇది మాత్రం ఎవరూ చెప్పరు. చెప్పవలసినవాళ్లంతా నాలాగే నోరు మూసుకుని జీతం పెంచుకున్నవాళ్లు.

నేను మొదట అపార్ట్‌మెంట్లలో కరెంటు పనులు చేయించే సూపర్‌వైజర్ని. కరీంనగర్‌లో ఒక కంపెనీ 'ఆలోచించే ఇళ్ల' శాఖ తెరిస్తే అందులో చేరాను. తలుపులకూ గేటుకూ తెరిచిందీ మూసిందీ చెప్పే చిన్న పరికరాలు బిగించేవాళ్లం. గదుల్లో మనిషి కదలికను పట్టే కళ్లు పెట్టేవాళ్లం. లైట్లు, ఫ్యాన్లు, గీజరు, తాళాలు అన్నీ ఒక తెల్లటి డబ్బాతో మాట్లాడతాయి. మామూలు స్మార్ట్ ఇంట్లో ఏం చేయాలో మనమే చెప్పాలి. ఇక్కడ ఏమీ చెప్పనక్కర్లేదు. మొదట కొన్నాళ్లు ఇంట్లోవాళ్లు ఎప్పుడు లేస్తారో, ఎప్పుడు బయటికి వెళ్తారో డబ్బా ఊరికే చూస్తుంది. వాటిని మేము నేర్పుడు రోజులు అనేవాళ్లం. ఆ తర్వాత తనంతట తానే తలుపులు వేస్తుంది, లైట్లు ఆర్పుతుంది.

"ఇల్లు మిమ్మల్ని అర్థం చేసుకుంటది సార్" అని చెప్పి అమ్మేవాళ్లం. ఎన్ని వందలసార్లు అన్నానో ఆ మాట. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. ఒక వకీలుగారింటికి అల్లుడు వచ్చి మూడు రోజులు ఎండెక్కేదాకా నిద్రపోయి వెళ్లాడు. ఆ తర్వాత నెలంతా ఆ ఇల్లు పొద్దున్న పదింటిదాకా పడకగది కర్టెన్లు తెరవనివ్వలేదు. వకీలుగారు చీకట్లో గడ్డం గీసుకుని కోసుకున్నారు. అప్పుడు అందరం నవ్వుకున్నాం. నవ్వడం కాదు, భయపడవలసింది అప్పుడే.

నేను చెప్పబోయే ఇల్లు ఒక పత్తి జిన్నింగ్ మిల్లు యజమానిది. మిల్లు జమ్మికుంటలో, ఇల్లు కరీంనగర్‌లో. అందరూ ఆయన్ని సేటు అనేవాళ్లు. ఇంట్లో సేటు, ఆయన భార్య, ఆయన అక్క. అక్కగారు బడిపంతులుగా చేసి రిటైరయ్యారు, అందుకని టీచరమ్మ. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట పోయింది. గొంతులోంచి శబ్దాలు వస్తాయి తప్ప మాటలు రావు. ఆమెను చూసుకోవడానికి పగలంతా ఒక ఆయా ఉండేది. ఆయాది మరమగ్గాల మీద బతికే కుటుంబం. భర్తకు మగ్గం పని ఉన్న నెల ఉంటుంది, లేని నెల లేదు. టీచరమ్మ చేసే శబ్దాల్లో ఏది దాహమో, ఏది కోపమో, ఏది ఉత్త గొణుగుడో ఆ ఇంట్లో ఆయాకు ఒక్కదానికే తెలుసు.

"ఏమంటుందమ్మా?" అని ఒకసారి అడిగాను.

"గీ సారు గోడకు గన్ని తూట్లు పొడుస్తుండు, ఇంట్ల చీమలు జేరుతయి అంటుంది" అంది ఆయా. టీచరమ్మ ఎడమ చేత్తో మంచం మీద చరిచి నవ్వింది. నిజంగానే అలా అందన్నమాట.

సేటుకు దసరాకల్లా ఇల్లు సిద్ధం కావాలి. "చుట్టాలంత వస్తుండ్రు. అందరి ముంగట ఫోన్ల వత్తి చూపియ్యాలె" అన్నాడు. అందుకని నేర్పుడు రోజులు సరిగ్గా బతుకమ్మ తొమ్మిది రోజుల్లో పడ్డాయి.

మా వైరుమాను పెద్దవాడు, అందరం చాచా అనేవాళ్లం. ఆయన నిచ్చెన మీద నుంచే ఆపాడు నన్ను.

"సార్, గీ తొమ్మిది దినాలు పొద్దుగూకితే ఇంట్ల ఎవ్వరుంటరు? గా డబ్బ ఏం నేర్చుకుంటది? బతుకమ్మ ఆడుడు నేర్చుకుంటదా?"

"తర్వాత సర్దుకుంటది చాచా, నీకెందుకు పరేషాన్?"

"నాకేం పరేషాన్ లేదు. ఇల్లే పరేషాన్ అయితది."

చాచా అన్నట్టే రోజూ నాలుగున్నరకల్లా సేటు భార్య పట్టుచీర కట్టి బతుకమ్మ ఎత్తుకునేది. ఆయా టీచరమ్మను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి వెనక తలుపు గుండా తోసుకుపోయేది, కుర్చీ దిగడానికి వాలు ఉన్నది అటువైపే కాబట్టి. కాలనీ మైదానంలో ఆడవాళ్లు ఆడుతుంటే టీచరమ్మ ఒంటి చేత్తో తాళం వేసేది. ఎనిమిదింటిదాకా ఇల్లు నిర్మానుష్యం. సాయంత్రం అయిదింటికి వెనక తలుపు తెరిచి మూస్తే ఇల్లు ఖాళీ అయినట్టే అని డబ్బా నేర్చుకుంది. తొమ్మిది రోజులూ తప్పకుండా నేర్చుకుంది. పండుగ అయ్యాక రెండు వారాలు మళ్లీ మామూలు రోజులు నేర్పాలని కంపెనీ కాగితంలో ఉంది. నేర్పకుండానే ఆ కాగితం మీద 'పూర్తయింది' అని సంతకం పెట్టింది నేను.

ఇంకో రెండు సంగతులు కూడా అప్పుడే జరిగాయి. తాళాలకు వేలిముద్రలు ఎక్కిస్తున్నాం. ఆయా వేలు కూడా పెట్టమంటారా అని అడిగితే సేటు విసుక్కున్నాడు. "పనోళ్ల వేలెందుకయ్యా దాంట్ల? రేపు మానేసి పోతే?"

ఆయా అక్కడే ఉంది. "నా వేలు అరిగిపోయింది తియ్ సార్, అది గుర్తువడుతదా పాడా" అని నవ్వి లోపలికి వెళ్లిపోయింది.

రెండోది ఇంకా చిన్నది, నా వేలితో నేనే చేసింది. డబ్బా తాను చూసిన సంగతులను ఫోన్లో నల్లటి అక్షరాల్లో చూపేది. చూడకుండా ఊహించినవి లేత రంగులో, పక్కన 'అంచనా' అనే మాటతో వచ్చేవి. తయారుచేసినవాళ్లకు ఆ మాత్రం నిజాయితీ ఉంది. కొన్నవాళ్లే ఫోన్ చేసి "గిదేంది, మీ మిషిన్‌కు పక్కా తెల్వదా?" అని దబాయించేవాళ్లు. మా మేనేజరు అన్ని ఇళ్లలో ఆ మాట కనపడకుండా చేయమన్నాడు. "కస్టమర్‌కు డౌట్ ఎందుకు పెడ్తం?" అన్నాడు. సెట్టింగుల్లో ఒక టిక్కు తీసేస్తే చాలు. సేటు ఫోన్లో తీసేశాను. అప్పట్నుంచి ఊహలూ నిజాలూ ఒకే నలుపులో కనపడసాగాయి.

దీపావళి ముందు ఒక సాయంత్రం మబ్బు పట్టింది. సేటు జమ్మికుంటలో మిల్లు దగ్గర ఉన్నాడు. ఆయన భార్య చుట్టాలింటికి వెళ్లింది. వెనక గదిలో టీచరమ్మ పడుకుని ఉంది, ఆయా పక్కన ఉంది. నాలుగూ యాభై ప్రాంతంలో కరెంటు పోయింది. తీగ మీద బట్టలు తడుస్తాయని ఆయా వెనక తలుపు తీసి పెరట్లోకి పరుగెత్తింది. గాలికి తలుపు పడింది. ఇన్వర్టర్ అందుకునేలోపు డబ్బా ఆగిపోయి మళ్లీ లేచింది. లేచి చూసుకుంటే దానికి తెలిసింది ఇంతే. వెనక తలుపు తెరిచి మూశారు. గదుల్లో కదలిక లేదు. టైము అయిదు కావస్తోంది. తొమ్మిది రోజుల పాఠం గుర్తు తెచ్చుకుంది. తలుపుల తాళాలన్నీ వేసింది. లైట్లన్నీ ఆర్పింది. సేటు ఫోన్లో రెండు లైన్లు రాసింది. '4:50: ఆయా బయటకు వెళ్లింది. ఇల్లు ఖాళీ.'

ఆయా చంకలో బట్టలతో వచ్చి తలుపు నెట్టింది. రాలేదు. బాదింది. అరిచింది. వాన మొదలైంది. లోపల చీకట్లో టీచరమ్మకు ఆ అరుపులు వినపడ్డాయి. తలుపు తీద్దామని లేచింది. ఒక చేయి, ఒక కాలు పనిచేసే మనిషి, చీకట్లో, ఆయా కోసం లేచింది. పడిపోయింది. ఇల్లు ఖాళీ అని ఒకసారి తేల్చుకున్న డబ్బా ఆ కదలికను పట్టించుకోలేదు. పడిన చప్పుడు ఆయాకు కిటికీలోంచి వినపడింది. కిటికీకి ఇనుపచువ్వలు. అద్దం పగలగొట్టి చెయ్యి కోసుకుంది. ఆమె ఫోను లోపల మంచం దగ్గర ఉంది. ముందు తలుపు దగ్గరికి వెళ్లింది, అదీ తాళమే. చివరికి గేటు తీసుకుని ఎదురింటికి పరుగెత్తింది. ఎదురింటావిడ సేటుకు ఫోన్ కలిపింది.

సేటు తన ఫోన్ చూసుకుని అన్న మాట ఇది. "ఇంట్ల ఎవ్వరు లేరని సూపిస్తుంది. మా అక్కను ఏడికి తీస్కపోయినవే?"

ఒక మనిషి వానలో తడుస్తూ, చేతి నెత్తురు తుడుచుకుంటూ, లోపల టీచరమ్మ పడిపోయింది అని ఏడుస్తుంటే, ఆయన ఫోనును నమ్మాడు. సేటు భార్య వచ్చి వేలు పెట్టి తలుపు తీసేసరికి అయిదూ నలభై. టీచరమ్మ తుంటి ఎముక విరిగింది.

మర్నాడు పొద్దున్న ఆఫీసులో డబ్బా లోపలి రికార్డు తీసి చూశాను. అది సేటు ఫోన్లో కనపడేది కాదు, మా లాప్‌టాప్‌లో మాత్రమే ఉంటుంది. దాంట్లో 'ఆయా బయటకు' అన్న లైను పక్కన 'అంచనా' అని స్పష్టంగా ఉంది. దాని కింద కాంపౌండ్ గేటు రికార్డు ఉంది. ఆ గేటు మధ్యాహ్నం నుంచి ఒక్కసారి కూడా తెరవలేదు. మొదటిసారి తెరిచింది అయిదూ ఇరవైకి. అంటే ఆ అరగంటా ఆయా పెరట్లోనే, తలుపు బాదుతూనే ఉంది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ప్రింటు తీసి మేనేజరు ముందు పెట్టాను.

ఆయన చదివాడు. మడత పెట్టి నా చేతికే ఇచ్చాడు. "నేర్పుడు రోజులు అయిపోయినయి అని సంతకం ఎవ్వరిది?" అన్నాడు.

"నాదే."

"అంచనా తీసేసింది?"

"మీరు చెప్తేనే..."

"కాగితం మీద నేను చెప్పిననా?" అని, గొంతు తగ్గించి, "గా ఇల్లు చూసి జిన్నింగ్ మిల్లులోళ్లు ఇంకా నలుగురు అడుగుతుండ్రు. సేటు అడిగినదానికి జవాబు చెప్పు. అడగనిది నువ్వెందుకు చెప్తవ్?" అన్నాడు.

ఆ సలహా ఎంత నీచమైనదో వింటున్నప్పుడే తెలుసు నాకు. అయినా పాటించాను.

మూడో రోజు సేటు హాల్లో పంచాయితీ. సోఫాల్లో సేటు, ఆయన భార్య, ఎదురింటావిడ, నేను. ఆపరేషన్‌కు ముందు ఒక పూట ఇంటికి తెచ్చిన టీచరమ్మ పక్కగదిలో, తలుపు తెరిచే ఉంది. ఆయా చేతికి కట్టుతో నిలబడి ఉంది. కూర్చోమని ఎవరూ అనలేదు, నేను కూడా.

"బట్టలకు పోయిన. తలుపు దానంతట అదే పడ్డది. మా అవ్వ మీద ఒట్టు, గేటు దాటలే" అంది.

సేటు తన ఫోను ఆమె మొహం దగ్గర పెట్టాడు. "గిదేంది మరి? సదువుకో. బయటికి పోయింది అని ఉన్నదా లేదా?"

ఎదురింటావిడకు అనుమానం వచ్చింది. "టీచరమ్మ లోపల ఉండంగ ఖాళీ అని ఎట్ల రాసింది?" అని నన్ను అడిగింది. అది సరైన ప్రశ్న. దేవుడు నాకు ఇచ్చిన అవకాశం అది. నేను మేనేజరు దగ్గర నేర్చుకున్న జవాబు చెప్పాను. "కదలకుండ పండుకున్న మనిషిని అది చూడలేదమ్మా. తలుపు తీసింది మాత్రం పక్కా." రెండూ నిజాలే. రెండు నిజాలు పక్కపక్కన పెట్టి ఒక అబద్ధం కట్టాను.

అప్పుడు సేటు అడిగాడు, మిషిన్ అబద్ధం చెప్తదా అని. చెప్పదు అన్నాను.

పక్కగదిలోంచి టీచరమ్మ మంచం చరవడం మొదలుపెట్టింది. గట్టిగా, ఆగకుండా. గొంతులోంచి ఒకే శబ్దం. "నొప్పి ఎక్కువైనట్టుంది" అని సేటు భార్య లేచింది. ఆయా మాత్రం ఆ తలుపు వైపు చూడలేదు. నా వైపు చూసింది. టీచరమ్మ ఏమంటోందో ఆ హాల్లో ఇద్దరికే తెలుసు, ఆయాకూ నాకూ.

ఆ రోజే ఆయాను పంపించేశారు. ఎదురింటావిడ కాలనీ వాట్సాప్ గ్రూపులో ఫోటోతో సహా పెట్టింది, 'పేషెంటును వదిలేసి తిరగడానికి పోయింది, జాగ్రత్త' అని. ఆయాలను పంపే బ్యూరో ఆమె పేరు కొట్టేసింది. కరీంనగర్‌లో ఇంకే ఇంట్లోనూ ఆమెను రోగి పక్కన కూర్చోనివ్వలేదు. నాకు మటుకు ఆ ఏడు ప్రమోషన్ వచ్చింది. సేటు చెప్పగా ఆ నలుగురు మిల్లువాళ్లూ మా డబ్బాలే పెట్టించుకున్నారు. వాళ్ల ఫోన్లలో కూడా టిక్కు తీసేశాను. ఇది చదువుతూ నన్ను తిట్టుకుంటున్నారేమో, తిట్టుకోండి. టీచరమ్మ ఏడాదిన్నర తర్వాత పోయింది. మంచం మీద నుంచి మళ్లీ లేవలేదు. ప్రింటు కాగితం మాత్రం నా ఆఫీసు బ్యాగులోనే ఉంది. పారేయడానికి చెయ్యి రాలేదు, బయటికి తీయడానికీ రాలేదు.

నాలుగేళ్లకు మంచిర్యాలలో ఒక కొత్త ఇంటికి వెళ్లాను. బొగ్గు గనిలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి కట్టుకున్న ఇల్లు. కొడుకు సరదాపడి మమ్మల్ని పిలిచాడు. నేను అలవాటు ప్రకారం మొదలుపెట్టాను, ఇల్లు మిమ్మల్ని అర్థం చేసుకుంటది అని. పెద్దాయన చాయ్ తాగుతూ విన్నాడు.

"నేను ఇంట్ల లేనని దానికెట్ల ఎరుక?"

"రోజూ మీరు పొద్దుగాల ఆరింటికి నడకకు పోతరనుకోండ్రి. అది చూసి చూసి, ఆరింటికి తలుపు తీస్తే పోయిండు అని రాసుకుంటది."

"పోకపోతే?"

"ఎన్నడో ఒకనాడు పొరపాటైతది పెద్దనాన్నా."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "నేను ల్యాంపు రూంల పని చేసిన. గనిలకు దిగేటోడు దీపం తీస్కొని తన నంబరు బిళ్ల మాకిస్తడు. ఎక్కి వచ్చినంక దీపమిచ్చి బిళ్ల తీస్కపోతడు. షిఫ్టు అయిపోయినంక బోర్డు మీద ఒక్క బిళ్ల మిగిలిందనుకో, రోజు వస్తడు గద, వచ్చే ఉంటడు అని రాస్తే ఏమైతదో ఎరుకేనా? బండ కింద ఉన్నోడు ఇంటికి పోయినట్టు లెక్క. ఎవ్వడు ఎతుకడు."

నేను నా బ్యాగు దగ్గరికి లాక్కున్నాను.

"ఒకసారి ఒకడు బిళ్ల మర్చిపోయి ఇంటికి పోయిండు. రెండు గంటలు గని అంత గాలించినం. ఇంట్ల అన్నం తింటుండు బద్మాష్! తిట్టినం, గని గాలించినందుకు ఎవ్వలు బాధపడలే. తెల్వకపోతే తెల్వదనాలె. వచ్చిండని రాసేటోన్ని మా కాడ ఒక్క పూట ఉంచరు." కొడుకు వైపు తిరిగాడు. "గీ డబ్బ నాకొద్దు బిడ్డా. సారుకు ఇంకో చాయ్ పోసి పంపియ్."

ఆ చాయ్ తాగలేదు. రైలు కూడా ఎక్కబుద్ధి కాలేదు, స్టేషన్ బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాను. గనిలో ముప్పై ఏళ్లు బిళ్లలు లెక్కపెట్టిన మనిషికి తెలిసిన ధర్మం, ఇంత చదువు చదివి తయారుచేసిన తెలివైన డబ్బాకు లేకపోయిందంటే, దాని నోరు నొక్కింది మాలాంటి వాళ్లం. అది 'అంచనా' అని చెప్పుకుంది. మేము ఆ మాట చెరిపేశాం. ఆ వారమే ఉద్యోగం మానేశాను. అదేదో త్యాగం అనుకోకండి. నాలుగేళ్లు ఆలస్యంగా చేసిన పనికి ఆ పేరు పెట్టకూడదు.

బ్యూరోలో వాకబు చేస్తే ఆయా చొప్పదండిలో తల్లిగారింట్లో ఉంటోందని తెలిసింది. వెళ్లాను. వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. తలెత్తి చూసింది. గుర్తుపట్టడానికి రెండు క్షణాలు కూడా పట్టలేదు.

"ఓ, మిషిన్ సారా! ఇప్పుడు నేను ఇంట్ల ఉన్ననా, బయటికి పోయిననా? మీ ఫోన్ల సూసి చెప్పుండ్రి."

పక్కన బీడీలు చుడుతున్న ఇద్దరు ఆడవాళ్లు నవ్వారు. నేను కాగితం తీసి, నిలబడే, మొత్తం చెప్పాను. గేటు సంగతి, అంచనా సంగతి, నాకు మర్నాడే తెలిసిన సంగతి. వాళ్ల నవ్వులు ఆగిపోయాయి. ఆమె చేతులు మాత్రం ఆగలేదు. ఒక బీడీ చుట్టి, దారం కట్టి, చాటలో వేసి అప్పుడు మాట్లాడింది.

"నీకు తెలుసని నాకు ఆ దినమే ఎరుక. టీచరమ్మ మంచం కొడుతుంటే నీ మొఖం సూసిన."

"తప్పయింది అక్కా. చెప్పనీకే వచ్చిన."

"నాకెందుకు చెప్తవ్? నేను గేటు దాటలే అని నాకు తెల్వదా? తెల్వనోళ్లకు చెప్పు." అంతవరకూ మెల్లగా మాట్లాడిన మనిషి గొంతు ఒక్కసారి పైకి లేచింది. "టీచరమ్మ పోయిందని తెలిసి ఉరికిన. ఆఖరుసారి మొఖం సూస్త అంటే గేటు కాడనే ఆపిండ్రు. వదిలిపెట్టి పోయినదానివి ఇప్పుడెందుకు వచ్చినవ్ అన్నరు. నాలుగేండ్లు ఎత్తి దించి, తినవెట్టి, కడిగిన. ఆమె నాకు అవ్వలెక్క. గేటు కాడ నిలవడి ఏడిసి వచ్చిన నేను! నువ్వు ఈడికి వచ్చి మా వాకిట్ల చెవుల చెప్పి పోత అంటే నడవదు సారూ. ఏడ అబద్ధమాడినవో ఆడ చెప్పు. వాళ్లంత ఉండాలె. నేను ఉండాలె."

"వస్తవా మరి?"

"ఎందుకు రాను? దొంగనా?"

ఆదివారం అనుకున్నాం. పాత రికార్డు ఒకటి చూపించాలని సేటుకు ఫోన్ చేసి, ఎదురింటావిడను కూడా పిలవమన్నాను. ఆయా బస్సు దిగి వచ్చేసరికి నేను గేటు దగ్గర నిలబడి ఉన్నాను. ఆమెను చూసి సేటు భార్య గుమ్మంలోనే ఆగింది. "ఈమె ఎందుకు?" అంది. "ఈమె కోసమే వచ్చిన అమ్మా" అన్నాను.

హాల్లో సేటు నన్ను కూర్చోమన్నాడు. కూర్చోలేదు. కాగితం బల్ల మీద పెట్టి ఒక్కొక్క లైనూ చదివి చెప్పాను. గేటు అయిదూ ఇరవైదాకా తెరవలేదన్నది చదివినప్పుడు ఎదురింటావిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బతుకమ్మ రోజులతోనే నేర్పుడు ఆపి, పూర్తయిందని అబద్ధపు సంతకం పెట్టింది నేనని చెప్పాను. అంచనా అన్న మాట చెరిపింది నేనని చెప్పాను. ఆయా వేలు ఎక్కించి ఉంటే ఆమె క్షణంలో లోపలికి వెళ్లేదని కూడా చెప్పాను.

సేటు మొహం ఎర్రబడింది. "అంటే? మా అక్క పడ్డందుకు నేను కారణమంటవా? నాలుగేండ్లు నోట్ల ఏం పెట్టుకున్నవయ్యా? నీ నౌకరి పోతదని మా ఇంట్ల మనిషి మీద నింద ఏస్తివి!"

"మా ఇంట్ల మనిషి అంటుండు" అంది ఆయా. గోడతో అన్నట్టు అంది. సేటు బల్ల మీది కాగితం తన వైపు లాక్కున్నాడు.

సేటు కోపంలో న్యాయం సగం ఉంది, మిగతా సగం ఆయన తన వైపు తిప్పుకోవలసింది. అది ఆయన చూసుకోవాలి. నేను చూసుకోవలసింది ఎదురుగా నిలబడి ఉంది. ఈసారి ఎవరూ చెప్పకుండానే సేటు భార్య కుర్చీ జరిపింది. ఆయా కూర్చోలేదు. చేతులు కట్టుకుని నా వైపే చూస్తోంది, ఇక చెప్పు అన్నట్టు.

"అక్కా, ఆ దినం నువ్వు ఈ గేటు దాటలే. టీచరమ్మను వదిలిపెట్టలే. నాకు తెల్లారే ఎరుకైంది. అన్నీ ఎరికుండి, వీళ్లందరి ముంగట, నా కొలువు కోసం నిన్ను దోషిని చేసిన. టీచరమ్మ చెప్తుంటే కూడా ఇననట్టు కూసున్న. ఆమెకు నేను ఇగ చెప్పుకోలేను. నీకు చెప్తున్న. తప్పు నాది. నన్ను మాఫ్ చెయ్."